తడి మంటలో ఉక్కు

ఉక్కు దిమ్మెను సాగదీసి కమ్మీగానో రేకుగానో మార్చాలంటే దాన్ని ముందుగా 1,100 నుంచి 1,250 డిగ్రీల సెల్సియస్ వరకు కాచవలసి ఉంటుంది. ఆ వేడిలో రెండు మూడు గంటలు గడిపే లోహం పైపొర, చుట్టూ ఉన్న వాయువుల నుంచి ఆక్సిజన్‌ను గ్రహించి, నల్లని పెళుసు పొరగా మారి, రోలింగ్ మిల్లులో పెచ్చులుగా ఊడిపోతుంది. మిల్లుల్లో స్కేల్ అని వ్యవహరించే ఈ పెచ్చు రూపంలో సాధారణంగా ప్రతి 100 కిలోల ఉక్కుకు 1 నుంచి 2 కిలోల దాకా నష్టపోవడం పరిశ్రమలో మామూలు విషయం కాబట్టి, దాని గురించి బయటివారు మాట్లాడుకున్నది తక్కువ. కర్బన ఉద్గారాలు తగ్గించే హరిత ఉక్కు గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చ కూడా చాలావరకు పొగగొట్టం నుంచి వెలువడే వాయువుల లెక్కతోనే ఆగిపోతున్నది. ఇంధనం మారితే లోహపు పైపొరకు ఏమవుతుందన్న ప్రశ్న కొలిమి దగ్గర పనిచేసేవారికే మిగిలిపోయింది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి సంబంధించినదే. శ్రీకాళహస్తి మండలంలోని రాచగున్నేరిలో ఇనుప ఖనిజాన్ని కరిగించి నీటి సరఫరా గొట్టాలను పోతపోసే పెద్ద కర్మాగారం ఉన్నది. 1990లలో ల్యాంకో పేరుతో మొదలైన ఈ పరిశ్రమ తరువాత ఎలక్ట్రోస్టీల్ యాజమాన్యంలోకి వచ్చి, 2014లో శ్రీకాళహస్తి పైప్స్‌గా పేరు మార్చుకొని, ఆపైన ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో విలీనమైంది. ఇక ఉక్కును వాడుకునే వైపున శ్రీసిటీలోని ఇసుజు వాహనాల కర్మాగారం, కోబెల్కో తవ్వక యంత్రాల కర్మాగారం, సత్యవేడు మండలం మాదన్నపాలెంలోని హీరో మోటార్‌సైకిళ్ల కర్మాగారం ఉన్నాయి. గేర్లు, స్ప్రింగులు, బేరింగులు తయారయ్యే ఉక్కుకు లోపలి బలం ఎంత ముఖ్యమో పైపొర నాణ్యత అంతే ముఖ్యం, ఎందుకంటే నిరంతరం ఒత్తిడికి లోనయ్యే భాగాల్లో పగులు చాలాసార్లు పైపొర దగ్గరే పుడుతుంది.

పెచ్చు ఎలా ఏర్పడుతుందో ముందు చూడాలి. ఇనుము 570 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు దానిపై ఒకే ఆక్సైడు కాక మూడు ఆక్సైడులు వరుస పొరలుగా పేరుకుంటాయి: లోహాన్ని ఆనుకొని ఆక్సిజన్ తక్కువగా ఉండే వుస్టైట్, దానిపై మాగ్నటైట్, అన్నింటికంటే పైన పలుచగా హెమటైట్. దిమ్మెలను కాచే రీహీటింగ్ ఫర్నేసు వేడిలో ఈ మొత్తం మందంలో దాదాపు 95 శాతం వుస్టైటే ఉంటుంది కాబట్టి, పెచ్చు పెరిగే వేగాన్ని నిర్ణయించేది కూడా ప్రధానంగా అదే. వుస్టైట్ స్ఫటికంలో ఇనుప అయాన్లు ఉండవలసిన చోట్లు కొన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందరి కంపార్ట్‌మెంటు ఖాళీ అయితే వెనుకవారు అందులోకి జరిగి, వారు విడిచిన ఖాళీ క్రమంగా వెనక్కి వెళ్లినట్లుగా, లోహం నుంచి బయలుదేరిన ఇనుప అయాన్లు ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి దూకుతూ బయటి అంచుకు చేరి అక్కడ ఆక్సిజన్‌తో కలుస్తాయి. అంటే ఆక్సిజన్ లోపలికి చొచ్చుకుపోవడం కంటే ఇనుము బయటికి రావడమే ఇక్కడ ఎక్కువ. పొర మందమైన కొద్దీ అయాన్లు ప్రయాణించవలసిన దూరం పెరుగుతుంది కాబట్టి పెరుగుదల క్రమంగా మందగిస్తుంది. మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు కావాలన్న ఈ సంబంధాన్ని 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ ప్రయోగాల ద్వారా చూపగా, 1933లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వాగ్నర్ దానికి అయాన్ల చలనం ఆధారంగా సిద్ధాంత రూపం ఇచ్చాడు. ఉష్ణోగ్రత ప్రభావం మాత్రం ఇంత నెమ్మది స్వభావం కలది కాదు: 1,100 నుంచి 1,200 డిగ్రీలకు పెంచితే అదే సమయంలో ఏర్పడే పెచ్చు మందం ఒకటిన్నర రెట్లకు మించిపోతుంది.

మందానికీ కాలానికీ మధ్య ఉన్న ఈ సూత్రం ఆక్సిజన్‌కు కొరత లేనప్పుడు వర్తిస్తుంది. నిజమైన కొలిమిలో పరిస్థితి కొంత వేరు. ఇంధనం పూర్తిగా కాలడానికి కావలసినదానికంటే కొద్దిగానే ఎక్కువ గాలి పంపుతారు కాబట్టి పొగలో మిగిలే స్వేచ్ఛా ఆక్సిజన్ 2, 3 శాతానికి మించదు. అలాంటప్పుడు లోహాన్ని ఆక్సీకరించే పనిలో ఆక్సిజన్‌తో పాటు, దహనంలోనే పుట్టిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కూడా పాలుపంచుకుంటాయి. ఆ వేడిలో నీటి అణువు ఇనుముకు తన ఆక్సిజన్‌ను ఇచ్చేసి హైడ్రోజన్‌గా విడిపోతుంది.

హరిత ఉక్కులోని ఒక చిత్రమైన మెలిక ఇక్కడే ఉన్నది. బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేసే పద్ధతిలో, హైడ్రోజన్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కొని నీటి ఆవిరిగా మారుతుంది, లోహం మిగులుతుంది. అదే హైడ్రోజన్‌ను రీహీటింగ్ ఫర్నేసులో మంటగా వాడితే, మంటలో పుట్టిన నీటి ఆవిరి అదే లోహానికి ఆక్సిజన్‌ను తిరిగి ఇచ్చి పెచ్చుగా మార్చి తాను మళ్లీ హైడ్రోజన్ అవుతుంది. రెండూ ఒకే రసాయనిక చర్య. ఏ దిశలో నడవాలో నిర్ణయించేది ఉష్ణోగ్రతా, రెండు వాయువుల పాళ్లూ మాత్రమే. రీహీటింగ్ వేడిలో ఇనుము ఆక్సీకరణం చెందకుండా ఉండాలంటే నీటి ఆవిరి కంటే కాలని హైడ్రోజనే ఎక్కువ ఉండాలి; వేడి కోసం ఇంధనాన్ని కాల్చే కొలిమిలో అది జరిగే పని కాదు.

ఏ ఇంధనం ఎంత తడి మంటను, అంటే పొగలో ఎంత నీటి ఆవిరిని, ఇస్తుందో లెక్కవేయడం కష్టమేమీ కాదు. అదనపు గాలిని పక్కనబెట్టి చూస్తే, ఖనిజాన్ని ఇనుముగా కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే వాయువులో మండే భాగం ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్ కాబట్టి దాని పొగలో నీటి ఆవిరి 3 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. సహజవాయువు మండితే అది 19 శాతం వరకు ఉంటుంది. హైడ్రోజన్‌ను గాలితో మండిస్తే 35 శాతానికి చేరుతుంది. గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్‌తో మండిస్తే సహజవాయువుకు మూడింట రెండు వంతులు, హైడ్రోజన్‌కు దాదాపు మొత్తం పొగ నీటి ఆవిరే అవుతుంది. ఈ వరుసలో ఒక ఇంధనం స్థానం ప్రత్యేకంగా గమనించదగినది. బొగ్గును గాలి తగలకుండా కాచి కోక్ చేసేటప్పుడు వచ్చే వాయువులో సగానికి పైగా హైడ్రోజనే ఉంటుంది, దాన్ని మండిస్తే పొగలో 22 శాతం దాకా నీటి ఆవిరి వస్తుంది. విశాఖ ఉక్కు వంటి సమీకృత కర్మాగారాల్లో కోక్ ఓవెన్ వాయువు, బ్లాస్ట్ ఫర్నేసు వాయువులే కొలిమి ఇంధనాలు. కాబట్టి ఉక్కును హైడ్రోజన్ మంటలో కాచడం పూర్తిగా కొత్త విద్య అనడం సరికాదు. దేశంలో తొలి సముద్రతీర సమీకృత ఉక్కు కర్మాగారంగా 1992లో జాతికి అంకితమైన విశాఖలోని కార్మికులకు సగం హైడ్రోజన్‌తో కూడిన ఇంధనం మొదటి నుంచీ పరిచయమే.

నీటి ఆవిరి శాతం పెరిగితే పెచ్చు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని అనుకుంటే అది తొందరపాటవుతుంది. ఇనుప అయాన్లు బయటికి పోతున్నప్పుడు లోహానికీ పెచ్చుకూ మధ్య, పెచ్చు లోపలా సన్నని ఖాళీలు ఏర్పడతాయి; పొడి గాలిలో అయితే ఆ ఖాళీలు అయాన్ల దారిని తెంచి పెరుగుదలను అడ్డుకుంటాయి. ఆవిరి ఉన్నచోట కథ మారుతుంది. 1965లో రామెల్, టోబోల్‌స్కీ అనే జర్మన్ పరిశోధకులు ఇచ్చిన వివరణ ప్రకారం, ఖాళీలో చిక్కిన హైడ్రోజన్ బయటి గోడలోని ఆక్సైడు నుంచి ఆక్సిజన్‌ను తీసుకొని నీటి ఆవిరిగా మారుతుంది, ఆ ఆవిరి లోపలి గోడ దగ్గరికి చేరి లోహానికి ఆక్సిజన్‌ను అప్పగించి మళ్లీ హైడ్రోజన్ అవుతుంది, ఇలా తాను ఖర్చు కాకుండా ఆక్సిజన్‌ను మోస్తూ ఖాళీకి వారధి కడుతుంది. దీనికి తోడు తడి వాతావరణంలో పెరిగిన పెచ్చు మరింత మెత్తగా సాగే స్వభావంతో లోహాన్ని వదలకుండా అంటుకొని ఉండటం వల్ల అయాన్లకు దారి తెగదు. అందుకే ఒకే ఉష్ణోగ్రత వద్ద, ఒకే కాలానికి, తడి వాతావరణంలో పెచ్చు సాధారణంగా మందంగానూ, కొంత రంధ్రాలతోనూ ఏర్పడుతుంది. అయితే ఉక్కు రకాన్ని బట్టి ఈ తేడా చాలా మారుతుంది. క్రోమియం గల ఉక్కుల్లో రక్షణ పొరనే ఆవిరి దెబ్బతీయవచ్చు, సాదా కార్బన్ ఉక్కులో తేడా మితంగానే ఉండవచ్చు.

సిలికాన్ కలిసిన ఉక్కుతో మరో చిక్కు వస్తుంది. లోహానికీ పెచ్చుకూ మధ్య సిలికాన్ ఆక్సైడూ ఇనుప ఆక్సైడూ కలిసి ఫాయలైట్ అనే ఖనిజంగా మారి, వుస్టైట్‌తో కలిసి సుమారు 1,177 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఆ ద్రవం లోహపు రేణువుల సందుల్లోకి దిగి చల్లారిన తరువాత పెచ్చును లోహానికి అతికించేస్తుంది. మిల్లులో 150 బార్లకు మించిన పీడనంతో నీటిధారలు కొట్టి పెచ్చును ఊడగొడతారు గాని, ఇలా అతుక్కున్నది పూర్తిగా రాదు, మిగిలినది రోలర్ల కింద నలిగి రేకులోకి దిగబడి ఎర్రని మచ్చలుగా తేలుతుంది. కాబట్టి పెచ్చు ఎంత ఏర్పడిందన్నదానితో పాటు అది ఎలా ఊడుతుందన్నదాన్ని కూడా హరిత ఇంధనం ప్రయోగాల్లో కొలవవలసి ఉంటుంది, ఎందుకంటే మందంగా ఉన్నా శుభ్రంగా ఊడిపోయే పెచ్చును మిల్లు భరించగలదు, పలుచనిదైనా మొండిగా అంటుకున్నదాన్ని భరించలేదు.

ఉక్కులోని కార్బన్ కూడా పైపొర నుంచి తప్పించుకుంటుంది. వేడిలో నీటి ఆవిరీ హైడ్రోజనూ పైపొరలోని కార్బన్‌తో కలిసి వాయువులుగా తీసుకుపోవడం వల్ల ఆ పొర మెత్తబడుతుంది. స్ప్రింగులకూ బేరింగులకూ ఇది పెచ్చు కంటే పెద్ద నష్టం. పెచ్చు వేగంగా పెరిగినప్పుడు మెత్తబడిన పొరను కూడా అదే తినేస్తుంది కాబట్టి మిగిలే లోతు కొన్నిసార్లు తగ్గుతుందన్నది ఇందులోని వింత. బేరింగు ఉక్కు చేసే స్వీడన్ సంస్థ ఒవాకో 2020లో లిండే సంస్థతో కలిసి హోఫోర్స్‌లో ఎల్‌పీజీకి బదులు హైడ్రోజన్‌తో ఉక్కును కాచి రోలింగ్ చేసి, నాణ్యతలో తేడా కనబడలేదని ప్రకటించింది. 2023లో హైడ్రోజన్ తయారీకి అక్కడే 20 మెగావాట్ల విద్యుద్విశ్లేషణ కేంద్రాన్ని ప్రారంభించింది. ఆ ఫలితం ధైర్యాన్నిచ్చేదే. కాని ఒక కొలిమిలో, ఒక రకం ఉక్కుతో వచ్చిన ఫలితాన్ని వేరే ఇంధనం నుంచి మారుతున్న వేరే కొలిమికి యథాతథంగా అన్వయించడం కుదరదు, ముఖ్యంగా బ్లాస్ట్ ఫర్నేసు వాయువు వంటి పొడి మంటకు అలవాటుపడిన కొలిమికి.

రాచగున్నేరిలో తయారయ్యే డక్టైల్ ఐరన్ గొట్టం ఈ చర్చకు మరో ముఖం చూపుతుంది. ఇది ఉక్కు కాదు, 3.5 శాతం వరకు కార్బన్, 2 శాతానికి పైగా సిలికాన్ ఉన్న పోత ఇనుములో మెగ్నీషియం కలిపి, అందులోని గ్రాఫైట్ గుండ్రని గుళికలుగా మారేటట్లు చేసి, గిరగిర తిరిగే లోహపు అచ్చులో పోస్తారు. అచ్చు నుంచి వచ్చిన గొట్టం పెళుసుగా ఉంటుంది కాబట్టి దాన్ని 900 డిగ్రీలకు మించి కాచి నెమ్మదిగా చల్లార్చే అనీలింగ్ కొలిమి గుండా పంపుతారు. ఇక్కడ కూడా ఉపరితలం ఆక్సీకరణం చెందుతుంది గాని, ఈ పరిశ్రమలో ఆ పొరను ఊడగొట్టే ఆచారం సాధారణంగా లేదు. గొట్టాలపై జింకు పూతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8179, అనీలింగ్ తరువాత ఆక్సైడు పొర ఉన్న ఉపరితలం మీదే చదరపు మీటరుకు కనీసం 130 గ్రాముల జింకును చిమ్మడాన్ని సాధారణ పద్ధతిగా గుర్తిస్తుంది. రోలింగ్ మిల్లు శత్రువుగా చూసే ఆక్సైడు ఇక్కడ పూతకు పునాది. కాబట్టి గొట్టాల పరిశ్రమ ఎప్పుడైనా తడి మంటకు మారితే ఎదురయ్యే ప్రశ్న లోహ నష్టం గురించి అంతగా ఉండదు. ఆ పొర మందంగా, రంధ్రాలతో, వదులుగా మారుతుందా, జింకు దాన్ని పట్టుకొని నిలుస్తుందా, దశాబ్దాల పాటు తడి నేలలో ఉండవలసిన గొట్టానికి ఆ పట్టు సరిపోతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

హరిత ఉక్కుకు రెండో దారి తుక్కును విద్యుత్తుతో కరిగించడం. రాయలసీమలో హిందూపురం పరిసరాల వంటి చోట్ల నడిచే చిన్న ఉక్కు యూనిట్లకు తుక్కు, స్పాంజ్ ఐరన్, ఇండక్షన్ ఫర్నేసు పరిచితమైనవే. తుక్కును కరిగిస్తే ఖనిజం నుంచి ఇనుము తీసే శ్రమ తప్పుతుంది, ఉద్గారాలు గణనీయంగా తగ్గుతాయి. కాని తుక్కులో మోటార్లు, తీగలు వదలిన రాగి కలిసి వస్తుంది. రాగికి ఆక్సిజన్ మీద ఇనుముకున్నంత మక్కువ లేకపోవడం వల్ల ఆక్సిజన్ ఊది దాన్ని ద్రవ ఉక్కు నుంచి తొలగించలేరు, పైగా అదే గుణం రీహీటింగ్ ఫర్నేసులో మరో రూపంలో బయటపడుతుంది. పైపొరలోని ఇనుము పెచ్చుగా మారి వెళ్లిపోతుంటే కాలని రాగి లోహానికీ పెచ్చుకూ మధ్య పోగుపడుతుంది. దాని ద్రవీభవన ఉష్ణోగ్రత 1,085 డిగ్రీలే కాబట్టి అది అక్కడ ద్రవంగా మారి లోహపు రేణువుల సరిహద్దుల్లోకి ఇంకుతుంది, రోలర్ల కింద లోహం సాగినప్పుడు ఆ సరిహద్దుల వెంట పగుళ్లు తెరుచుకుంటాయి. తగరం కూడా ఉంటే పరిస్థితి విషమిస్తుంది, నికెల్ ఉంటే కొంత కుదుటపడుతుంది. ఈ పగుళ్లు 1,100, 1,150 డిగ్రీల మధ్య ఎక్కువగా కనిపించి 1,200 దాటితే తగ్గడం కూడా గమనించారు. అంతటి వేడిలో రాగి తిరిగి లోహంలోకి వ్యాపించడం, కొంత పెచ్చులోనే చిక్కుకుపోవడం ఇందుకు కారణాలుగా చెబుతారు.

ఈ రెండు దారులూ కలిసేది పైపొర దగ్గరే. తుక్కు ఎక్కువైతే రాగి పెరుగుతుంది, హైడ్రోజన్ మంట వాడితే పెచ్చు పెరగవచ్చు, పెచ్చు ఎంత వేగంగా పెరిగితే రాగి అంత వేగంగా పోగుపడుతుంది. కొలిమికీ ముడిసరుకుకూ వేర్వేరు బృందాలు బాధ్యత వహించే కర్మాగారాల్లో ఈ రెండు మార్పులనూ విడివిడిగా పరీక్షించి ఆమోదించడం తేలిక. కలిపి పరీక్షించకపోతే ఆ ఆమోదానికి విలువ తక్కువ. రాగి పాళ్లు తగ్గించడానికి ఖనిజం నుంచి నేరుగా వచ్చిన, రాగి లేని స్పాంజ్ ఐరన్‌ను కలపడం ఒక మార్గం. తెలుగు నేలకు ఇందులో పాత అనుభవమే ఉన్నది: పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా సంస్థ 1980లో ఏడాదికి 30 వేల టన్నుల సామర్థ్యంతో బొగ్గు ఆధారిత ఉత్పత్తిని మొదలుపెట్టింది, 2010లో ఎన్‌ఎండీసీలో విలీనమైంది. బొగ్గు స్థానంలో హైడ్రోజన్ వస్తే అదే పదార్థం హరిత ఉక్కుకు ముడిసరుకవుతుంది. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రం వంటివి ఆ దిశలో ఆశ కల్పిస్తున్నాయి.

పెచ్చుకు లెక్క కట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక టన్ను ఉక్కును కాచడానికి మండించే సహజవాయువు నుంచి 70 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని అనుకొని, హైడ్రోజన్‌కు మారినందువల్ల పెచ్చు నష్టం అర శాతం, అంటే టన్నుకు 5 కిలోలు పెరిగిందని అనుకుందాం. భారతదేశంలో ఒక టన్ను ఉక్కు తయారీ సగటున 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది కాబట్టి ఆ 5 కిలోల లోహం వెనుక 12.5 కిలోల ఉద్గారాలు ఉన్నట్లు. ఆదా చేసినదానిలో దాదాపు ఆరింట ఒక వంతు అలా తిరిగి పోయినట్లే. ఆ ఉక్కే హైడ్రోజన్‌తో తయారైనదైతే కార్బన్ లెక్క తగ్గుతుంది గాని కరెంటు లెక్క మిగులుతుంది: ఒక టన్ను ఇనుముకు రసాయనికంగా 54 కిలోల హైడ్రోజన్, కిలోకు 50 యూనిట్ల చొప్పున 2,700 యూనిట్ల విద్యుత్తు కావాలి కాబట్టి 5 కిలోల పెచ్చుతో 13 యూనిట్లకు పైగా వృథా అవుతుంది. మిల్లులు పెచ్చును పారబోయకుండా తిరిగి ఖనిజపు పొడిని ముద్దకట్టించే సింటర్ ప్లాంటుకు పంపుతాయి, అందులోని ఇనుము పూర్తిగా పోదు. దాన్ని లోహంగా మార్చడానికి ఒకసారి ఖర్చుచేసిన శక్తి మాత్రం తిరిగి రాదు.

నివారణ మార్గాల్లో కాలం మీద పనిచేసేవే మేలైనవిగా కనిపిస్తాయి. హైడ్రోజన్ మంట సహజవాయువు మంట కంటే వేడిగా ఉంటుంది, ఆక్సిజన్‌తో మండిస్తే వేడి మరింత వేగంగా లోహానికి చేరుతుంది. ఆ వేగాన్ని ఉపయోగించుకొని బిల్లెట్, అంటే ఉక్కు దిమ్మె, కొలిమిలో ఉండే సమయాన్ని తగ్గిస్తే, ముఖ్యంగా 1,000 డిగ్రీలు దాటిన చివరి దశను కుదిస్తే, తడి మంట పెంచిన పెచ్చును చాలావరకు భర్తీ చేయవచ్చు. పాత వేగంతోనే, పాత ఉష్ణోగ్రత పట్టికతోనే కొత్త ఇంధనం మండిస్తే మాత్రం రెండు వైపులా నష్టమే. చివరి దశను విద్యుత్ ఇండక్షన్‌తో నిమిషాల్లో ముగించడం ఇంకో దారి. అన్నింటికంటే సూటి అయినది, పోతపోసిన బిల్లెట్ చల్లారకముందే దాన్ని నేరుగా రోలింగ్‌కు పంపి రీహీటింగ్‌నే తప్పించడం. ఇండక్షన్ ఫర్నేసూ పోత యంత్రమూ రోలింగ్ మిల్లూ ఒకే ఆవరణలో వరుసగా ఉన్న చిన్న కర్మాగారాలకు పెద్ద సమీకృత కర్మాగారాల కంటే ఇది సులభం.

భారత ఉక్కు మంత్రిత్వశాఖ 2024 డిసెంబరులో ప్రకటించిన హరిత ఉక్కు వర్గీకరణలో టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలు ఉన్న ఉక్కుకే హరిత గుర్తింపు, 1.6 లోపు ఉంటే అయిదు నక్షత్రాలు దక్కుతాయి. ఆ టన్ను కరిగించిన ఉక్కు టన్ను కాదు, మిల్లు దాటి వచ్చిన పూర్తి సరుకు టన్ను. అంటే కొలిమిలో పెచ్చుగా పోయిన ప్రతి కిలో ఆ భిన్నంలో హారాన్ని తగ్గించి ఫలితాన్ని పెంచుతుంది, 2.2 అంచున ఉన్న మిల్లుకు అర శాతం పెచ్చు తేడా 0.01 టన్నుకు సమానం, అంటే 2.195 దగ్గర ఉన్న మిల్లు దాని వల్లే గీత దాటిపోవచ్చు. ఏ ఉక్కు మిల్లయినా హైడ్రోజన్ బర్నర్ బిగించే ముందు, పాత ఇంధనంతో తన పెచ్చు నష్టం ఎంతో కొలిమివారీగా, ఉక్కు రకాలవారీగా తూచి పెట్టుకోవడం అందుకే తొలి పని అవుతుంది.